చెవిదాకా వచ్చినవాళ్ళు

ఫిబ్రవరి 11

ప్రియమైన వాగుడుకాయకి,

కవరు మీద నా కోడిగీతలు చూసి ఎవరికేమైందోనని కంగారుపడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందామని తీర్మానించాను. ఫోన్లో నీ ధోరణికి అడ్డం పడటం నావల్ల కావడం లేదు. కాగితం మీదైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండాలి, వేరే దారి లేదు.

ముందు నీ శుభవార్త. మొన్న ఫోన్లో నువ్వు బిడ్డ అనగానే నాకు ఒళ్ళు తెలియలేదు. "శుభం! బావని పార్టీ ఇవ్వమను" అని అరిచాను. రోడ్డు మీద వాళ్ళంతా తిరిగి చూశారు. నువ్వు మాత్రం టక్కున ఫోన్ పెట్టేశావు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా వాగుడుకాయకి సిగ్గు ముంచుకొచ్చిందనుకున్నాను. ఈ కవరుతో పాటు చిన్న పార్సిల్ కూడా వస్తుంది. ఉన్ని టోపీ. మా వీధి చివర కొట్లో పెద్దావిడ తన చేత్తో అల్లింది. పసుపుపచ్చది తీసుకున్నాను, ఎవరు పుట్టినా సరిపోతుందని.

ఇక నా వార్త. నవ్వకు. నలభై ఆరేళ్ళకి ప్రేమలో పడ్డాను. ఒకరితో కాదు, నలుగురితో. 'తుప్పు' అని ఒక రాక్ బ్యాండ్.

పోయిన నెల ఒక పాత అపార్ట్‌మెంటు కింద, నేలమాళిగలో నీళ్ళ మీటర్లు చూస్తున్నాను. గోడలకి రంగులు వేసే ఆయన నిచ్చెన మీద ఉన్నాడు, కింద స్పీకరు పెట్టుకున్నాడు. ముందు గోడ అదిరింది. తర్వాత నా పొట్ట అదిరింది. మీటరు మూత ఎత్తి పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను. పాట అయ్యాక ఆయన కిందికి చూసి, "ఏమైందండీ, నడుం పట్టేసిందా?" అన్నాడు. "ఎవరండీ ఇది?" అన్నాను. "తుప్పు" అన్నాడు. "పైపు సంగతి కాదండీ, పాట సంగతి" అన్నాను. ఆయన నిచ్చెన మీద నుంచి పడిపోయేంత నవ్వాడు.

పాడేది ఒక ఆడమనిషి. గొంతులో గుప్పెడు ఇసుక పోసినట్టుంటుంది. బేస్ గిటారు వాయించేది పొడుగాటి మనిషి, ఫోటోల్లో ఎప్పుడూ తల వంచుకునే ఉంటాడు. నాకు ఆయనంటే పిచ్చి. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో దోపుకుని బయల్దేరుతున్నాను. కుక్కలున్న ఇళ్ళ వీధికి ఒక పాట, ఎత్తెక్కే వీధికి ఒక పాట. ఇన్నేళ్ళూ ఆ వీధులు నా చెప్పులు అరగదీశాయి తప్ప నాకేమీ ఇచ్చింది లేదు. ఈ మధ్య మనుషులు నాతో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంటోంది. వీళ్ళు అలా కాదు. పేరుకి తగ్గట్టు నా తుప్పు వదిలించేశారు.

మెమరీ కార్డులో పాటలన్నీ ఎక్కించి పంపుతున్నాను. నువ్వు వింటే లోపల వాళ్ళకీ వినపడుతుందట కదా.

నీ అన్నయ్య
(ఇకనుంచి మేనమామగారు అనాలి)


ఫిబ్రవరి 19

అన్నయ్యకి,

టోపీ అందింది. పాటల కార్డు అందింది. ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎగతాళికి అలా రాసే మనిషివి కాదు నువ్వు, అందుకే రెండోసారి చదివాను.

ఆ రోజు నేను ఆస్పత్రి వరండాలోంచి ఫోన్ చేశాను. "బిడ్డ నిలవలేదు అన్నయ్యా" అన్నాను. మూడు నెలలు దాటాక చెబుదామని అందరితో పాటు నీకూ దాచాను. చివరిదాకా దాచేసి ఉంటే పోయేది. కానీ అమ్మ లేదు, నాన్న లేడు, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడదనిపించింది. నువ్వు శుభం అన్నావు. పార్టీ ఇవ్వమన్నావు. నీ అరుపు పక్క బెంచీ మీద కూర్చున్నావిడకి కూడా వినపడింది. ఆవిడ నా మొహం చూసి తల తిప్పేసుకుంది.

టోపీ మీ బావ కంటపడకుండా పాత దుప్పట్ల కింద పెట్టాను. వెనక్కి పంపడానికి చేతులు రాలేదు.

నువ్వు ఆ రోజు ఏం విన్నావో నాకు చెప్పు. ఒక్క లైను చాలు.

చెల్లి


ఫిబ్రవరి 24

తల్లీ,

కాగితం ముందు పెట్టుకుని పొద్దుటినుంచీ కూర్చున్నాను. ఏ మాట రాసినా అది నిన్ను ఇంకోసారి కొట్టినట్టే ఉంటోంది.

నేను వినలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు నా చెవుల్లో పాట మోగుతోంది. ఆపకుండానే మాట్లాడాను. బిడ్డ అన్న ఒక్క మాట పట్టుకుని మిగతాదంతా నేనే అల్లేసుకున్నాను. అంతకు మించి కారణమేమీ లేదు. తిట్టు. నీకు వచ్చిన తిట్లన్నీ తిట్టు, చాలకపోతే బావని అడిగి తిట్టు.

నేను రానా? సెలవు పెట్టి వచ్చేస్తాను. ఏమీ మాట్లాడను. ఊరికే నీ దగ్గర కూర్చుంటాను.

అన్నయ్య


మార్చి 8

అన్నయ్యకి,

రావద్దు.

నేను ఊరుకుందామనే అనుకున్నాను. కానీ పాట ఆపడానికి ఒక్క వేలు కదిలిస్తే చాలు. నాకోసం ఆ వేలు కదల్లేదు. ఇది మాత్రం మింగుడు పడటం లేదు.

నా పని ఏమిటో నీకు తెలుసు. అత్యవసర ఫోన్ల గదిలో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంటాను. మొగుడు పక్కగదిలో ఉన్నాడని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడే మనిషి మాట కూడా పట్టుకుంటాను. పొగలో దగ్గుతూ అడ్రసు చెప్పేవాళ్ళ మాట పట్టుకుంటాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళ మాట నేను అలా పట్టుకుంటుంటే, సొంత అన్న నా మాట పట్టుకోలేకపోయాడు.

నువ్వు అచ్చం నాన్నలా తయారవుతున్నావు. బడిలో నేను ఉపన్యాసం చెప్పి బహుమతి తెచ్చుకున్న రోజు గుర్తుందా? మొదటి వరసలో కూర్చుని గోడకేసి చూస్తూ ఉన్నాడు. ఇంటికొచ్చాక పరిగెత్తుకెళ్ళి "ఎలా మాట్లాడాను నాన్నా?" అంటే, "మీ అమ్మని భోజనం పెట్టమను" అన్నాడు. వర్క్‌షాపులో తన లేతు మిషన్ వంక చూసినంత ప్రేమగా ఆయన మన వంక ఎప్పుడూ చూడలేదు. ఆయనకి లేతు దొరికింది, నీకు తుప్పు దొరికింది.

కొన్నాళ్ళు నాకు రాయకు.

చెల్లి


ఏప్రిల్ 2

చెల్లికి,

రాయొద్దన్నావు. ఆగలేకపోయాను.

నన్ను ఎన్ని అన్నా పడతాను. నాన్నని అలా అనకు. ఆయనకి ఏదో కారణం ఉండి ఉంటుంది. నేను ఆయనలా తయారవుతున్నానన్నది మాత్రం నిజమే కావచ్చు.

ఒక సంగతి అడుగుతాను, ఎందుకని అడక్కు. నీకు హెడ్‌సెట్లో మాటలు స్పష్టంగానే వినపడుతున్నాయా? అక్షరాలు కరిగిపోతున్నట్టు ఏమీ లేదు కదా?

నా విషయం అంటావా, పాటలు వింటున్నాను. పని అయిపోయినా గదికి పోకుండా వీధులు పట్టుకు తిరుగుతున్నాను. మూసేసిన సినిమా హాలు వెనక సందులో మొన్న ఒకావిడ నన్ను చూసి తలుపేసుకుంది, ఎవడీ పిచ్చాడని. ఒక్కో పాటలో ఒక్కొక్కళ్ళని విడదీసి వినడం అలవాటు చేసుకుంటున్నాను. ఒకసారి గిటారు వెంట పోతాను, ఇంకోసారి డ్రమ్ముల వెంట. ఆవిడ ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో కూడా బట్టీ పట్టాను. చిన్నప్పుడు ఎక్కాలు ఇంత శ్రద్ధగా నేర్చుకుని ఉంటే మీటర్లు చూసే పనిలో ఉండేవాణ్ణి కాదు.

నీకు కోపం తగ్గేదాకా ఇక రాయను. నువ్వు తిండి సరిగ్గా తిను.

అన్నయ్య


మే 17

అన్నయ్యా,

నీ కిందటి ఉత్తరం చూసి దాన్ని చింపేద్దామనుకున్నాను. నేను వినడం గురించి నిన్ను దెప్పిపొడిచానని, "నీకు వినపడుతోందా" అని ఎదురు వెక్కిరించావు చూడు, అది నీ నోట రావాల్సిన మాట కాదు. సరే, అది వదిలేశాను. ఎందుకు వదిలేశానో చెబుతాను.

పోయిన వారం పనిలో ఒక ఫోన్ వచ్చింది. ఒక తల్లి. పిల్లాడు ఊపిరి తీసుకోవడం లేదంది. ఏం చెయ్యాలో ఒక్కొక్కటీ చెప్పాను, ఆవిడ చేసింది. అంబులెన్సు చేరేసరికే అయిపోయింది. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. అటు ఏడుస్తూనే ఉంది, ఇటు నేను వింటూనే ఉన్నాను. ఆ లైను కత్తిరించి తర్వాతది అందుకోవాలి, మా పద్ధతి అదే. అందుకున్నాను.

బస్సెక్కాక చెవుల్లో ఆ ఏడుపే. అది పోగొట్టడానికి ఏదైనా సరే అనుకుని సంచీలో వెతికితే నీ కార్డు చేతికి తగిలింది. ఫోన్లో పెట్టాను. మొదటి పాట గోల. రెండోది ఇంకా గోల. మూడో పాటలో ఆవిడ ఒక అరుపు అరిచింది చూడు, మాటలు లేకుండా, అలా అరవాలని నాకు ఆస్పత్రి వరండాలో అనిపించింది. అరవడానికి వీల్లేని చోటు కదా అది. ఆవిడ నా బదులు అరిచిపెట్టింది.

నేను దిగాల్సిన చోటు ఎప్పుడు దాటిపోయిందో తెలియదు. డిపోలో డ్రైవరు వచ్చి "అమ్మా, బండి ఇక కదలదు" అన్నాడు. అక్కణ్ణుంచి నడుచుకుంటూ వచ్చాను, పాట ఆపకుండా. దారిలో మీ బావ ఫోన్ చేశాడు. తెరమీద పేరు కనపడింది. నేను కూడా పాట ఆపలేదు, ఫోన్ ఎత్తలేదు అన్నయ్యా. వేలు కదల్లేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ రోజు నీకేమైందో. కోపం సగం అక్కడే పోయింది.

ఇప్పుడు బస్సులో, మెట్లమీద, కూరగాయల కొట్లో, ఎక్కడైనా తుప్పే. మీ బావకి ఇళ్ళలో నేలకి టైల్సు పలకలు అతికి అతికి మోకాళ్ళు పోయాయి గాని చెవులు బాగున్నాయట. "ఆ వైర్లు కాసేపు తీస్తే నేను కూడా ఏదో ఒకటి పాడతానుగా" అంటున్నాడు.

అసలు సంగతి. జూన్ 14న వాళ్ళు మా ఊళ్ళో పాడుతున్నారు. మూడు టికెట్లు తీసుకున్నాను. రావద్దన్న నోటితోనే రమ్మంటున్నాను, రా.

ఇంకోటి. మేము మళ్ళీ ప్రయత్నిద్దామనుకుంటున్నాం. డాక్టరమ్మ భయమేమీ లేదంది. దుప్పట్ల కిందినుంచి టోపీ బయటికి తీశాను.

నీ వాగుడుకాయ


మే 26

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం మెట్లమీదే చదివాను. నువ్వు మళ్ళీ నన్ను అన్నయ్యా అన్నావు, అది చాలు.

జూన్లో రాలేను. సెలవు దొరకదు. అదీగాక వాళ్ళని ఎదురుగా చూడాలని నాకు లేదు. నా చెవుల్లో ఉన్నవాళ్ళు ఉంటే చాలు. అంత జనం, ఆ తోపులాట నాకు పడవు. ఆ టికెట్టు ఎవరికైనా ఇచ్చెయ్యి.

బిడ్డ విషయంలో తొందరపడకండి. ముందు పరీక్షలన్నీ చేయించుకోండి. అన్నీ అంటే అన్నీ. ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.

అన్నయ్య


జూన్ 18

అన్నయ్యకి,

వెళ్ళాం. నీ టికెట్టు ఎవరికీ ఇవ్వలేదు, ఆఖరు నిమిషంలో వస్తావేమోనని గేటు దగ్గర నిలబడ్డాను. లోపల మొదలుపెట్టేశారని మీ బావ చెయ్యి పట్టి లాక్కెళ్ళాడు.

ఆవిడ మనం అనుకున్నదానికంటే పొట్టి. చెప్పుల్లేకుండా పాడింది. నీ పొడుగాటాయన ఒక్కసారి కూడా తల ఎత్తలేదు గాని, ఆయన వాయించేది నేలలోంచి అరికాళ్ళలోకి వచ్చింది. "ఈ దెబ్బకి నేను అతికిన పలకలన్నీ ఊడిపోతాయి" అన్నాడు మీ బావ. ఆ అరుపు పాట వచ్చినప్పుడు అందరితో పాటు నేనూ అరిచాను. ఏం అరిచానో నాకే వినపడలేదు. పక్కకి తిరిగి నీతో ఏదో చెప్పబోయాను. అక్కడ ఎవడో గడ్డపాయన ఉన్నాడు.

నీకు సెలవు దొరక్కపోవడం అబద్ధం. నీకు పడనిది జనం కాదు, మేము. బిడ్డ కోసం చూస్తున్నామంటే ఒక్క మంచి మాట రాయలేదు. పరీక్షలు చేయించుకోమన్నావు, నాలోనే ఏదో లోపం ఉన్నట్టు. ఆ వాక్యం మీ బావ కూడా చదివాడు. కాగితం మడిచి ఇచ్చేశాడు.

ఇంక పిలవను.

చెల్లి


ఆగస్టు 5

అన్నయ్యా,

మీ సూపర్‌వైజరు ఇప్పుడే ఫోన్ చేశాడు. వెనక్కి వస్తున్న లారీ నిన్ను గుద్దిందట, కుడి భుజం ఎముక విరిగిందట. "హారన్ కొడుతూనే ఉన్నాడండీ డ్రైవరు, ఈయన ఎటో చూస్తూ నిలబడ్డారు" అన్నాడు. ఆస్పత్రికి చేస్తే నర్సు ఫోన్ నీ దగ్గరికి తీసుకొచ్చి, మళ్ళీ తనే మాట్లాడింది. "మీతో మాట్లాడనని చెయ్యి ఊపుతున్నారమ్మా" అంది. చావు తప్పించుకుని మంచం మీద పడి కూడా నాతో మాట్లాడవా? నేను అంత కానిదాన్నయ్యానా?

ఆ వైర్లు పీకి అవతల పారెయ్యి. చేతులు జోడించి చెబుతున్నాను. నాకూ వాళ్ళంటే ప్రాణమే, కానీ పాటల కోసం ఎవరైనా లారీ కింద పడతారా? నేను కూడా వింటున్నానని రాశాను కదా, అది చూసి నీకు ఇంకా మోజు పెరిగిందేమో. ఆ పాపం నాకు వద్దు.

మా ఫోన్ల గదిలో మనుషులు తక్కువగా ఉన్నారు, అయినా సెలవు అడిగాను. దొరగ్గానే బయల్దేరతాను.

చెల్లి


ఆగస్టు 10

తల్లీ,

ఎడమ చేత్తో రాస్తున్నాను, ఓపిగ్గా చదువుకో. సెలవు దొరికినా ఇప్పుడే రావద్దు. ముందు ఇది చదువు.

లారీ వెనక్కి వస్తున్నప్పుడు నా చెవుల్లో ఏమీ లేదు. ఇయర్‌ఫోన్లు జేబులో ఉన్నాయి. నాకు చెవుడు వచ్చింది. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

నువ్వు బిడ్డ నిలవలేదని చెప్పిన రోజు కూడా నా చెవుల్లో పాట లేదు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, ఇంకో చెవి వేలితో మూసుకుని విన్నాను. బిడ్డ అన్నది ఒక్కటే అందింది. మిగతాదంతా నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చింది. అప్పటికే ఫోన్ అంటే భయం పట్టుకుంది, అందుకే ఉత్తరాలు మొదలుపెట్టాను. పాట ఆపలేదని నీకు అబద్ధం రాశాను. చెడ్డ అన్న అనిపించుకోవడమే తేలిక అనిపించింది. నర్సు తెచ్చిన ఫోన్ నేను ఎందుకు వద్దన్నానో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

జనవరిలోనే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నాడు. నేను నొక్కడం మానేసి ఇంకా మొదలుపెట్టలేదేమిటా అని చూస్తున్నాను. చెవి లోపలి నరం చచ్చుబడుతోందట. మిషన్ పెట్టుకుంటే కొన్నాళ్ళు కాస్త మేలు, ఆ తర్వాత అదీ పనిచెయ్యదన్నాడు. ఆఫీసులో తెలిస్తే వీధి పని తీసేస్తారని మిషన్ కూడా పెట్టుకోలేదు. "మీ వంశంలో ఎవరికైనా ఉందా?" అని అడిగాడు. లేదండీ అని బయటికి వచ్చాను. రోడ్డు దాటుతుంటే నాన్న గుర్తొచ్చాడు.

అమ్మ వెనకనుంచి ఎంత పిలిచినా తిరిగేవాడు కాదు. పొగరు అనేది అమ్మ. మనమూ అదే నేర్చుకున్నాం. నువ్వు ఉపన్యాసం చెప్పిన రోజు ఆయన గోడకేసి చూడక ఏం చేస్తాడు? నీ పెదాలు కదలడం తప్ప ఏం తెలుసు ఆయనకి? ఇంటికొచ్చి ఆయన చొక్కా పట్టుకుని నువ్వేదో అడిగావు. ఆకలేస్తోందని అడిగావనుకున్నాడు తల్లీ. అందుకే భోజనం పెట్టమన్నాడు. నీకు పెట్టమన్నాడు.

మార్చిలో నువ్వు "అచ్చం నాన్నలా" అని రాసినప్పుడు నీకు చెప్పేద్దామనుకున్నాను. కానీ ఇది ఆయన నుంచి నాకు వచ్చింది. నీకూ రావచ్చు, రాకపోవచ్చునన్నాడు డాక్టరు. మీ బిడ్డకి కూడా అంతే. చూస్తే నీ బతుకంతా నీ చెవుల మీద ఉంది. పైగా మీరు మళ్ళీ ప్రయత్నిస్తామంటున్నారు. ఏ నోటితో చెప్పను? పరీక్షలు చేయించుకో అని డొంకతిరుగుడుగా రాశాను. దాన్ని నువ్వు ఎలా తీసుకున్నావో చూశాక ఇంకేమీ రాయలేకపోయాను.

ఇక తుప్పు వాళ్ళ సంగతి. మనుషుల మాటలు నా దాకా రావడం మానేశాక, వాళ్ళొక్కళ్ళే తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చారు. ఆ నేలమాళిగలో నేను వంగి ఉండిపోయింది అందుకు. ఎన్నో నెలల తర్వాత ఒక చప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అందుకే ఉన్నన్నాళ్ళు విందామని వీధులు పట్టుకు తిరిగాను. ముందు డ్రమ్ముల దగ్గర ఇత్తడి పళ్ళేల చప్పుడు పోయింది. తర్వాత ఆవిడ పాటలో మాటలు పోయి ఉత్త గొంతు మిగిలింది. జూలైలో ఎత్తు వీధి ఎక్కుతున్నాను, పాట మధ్యలో ఆవిడ పాడటం ఆపేసింది. ఫోన్ చెడిపోయిందేమోనని చూశాను. పాట నడుస్తూనే ఉంది. అక్కడే ఎవరిదో గేటు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు పొడుగాటాయన ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా చెవిలో కాదు, పళ్ళలో తగులుతున్నాడు.

జూన్లో నేను వచ్చి ఉంటే నువ్వు పక్కకి తిరిగి చెప్పబోయిన మాట నాకు వినపడేది కాదు. ఆ ఒక్కరోజులో నీకు దొరికిపోతానని రాలేదు.

నువ్వు పరీక్ష చేయించుకో. దాచుకోకుండా నాకు రాయి.

అన్నయ్య


సెప్టెంబరు 2

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. నీ దగ్గరికి రాలేదు, రాయలేదు. నీ మీద కోపం కాదు. నాన్న మీద పెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగాను. ముప్ఫై ఏళ్ళు మోశాను దాన్ని. ఆయన పోయినప్పుడు నేను సరిగ్గా ఏడవను కూడా లేదు.

పరీక్ష చేయించుకున్నాను. అదే గాజు గది, అదే బొత్తాం. మొదలైందట. ఎడమ చెవిలో ఎక్కువ, కుడి చెవిలో కొంచెం. నిజం చెప్పనా? హెడ్‌సెట్ శబ్దం నేను ఏడాదిగా పెంచుకుంటూ పోతున్నాను. ఫోన్లు చేసేవాళ్ళే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారనుకున్నాను. ఏప్రిల్లో నువ్వు అడిగినప్పుడు వెక్కిరింత అనుకున్నాను కదా, నీ మాటకి అంతగా ఉలిక్కిపడింది అందుకేనేమో.

పరీక్ష కాగితం మా అధికారికి ఇచ్చాను. మంచి మనిషే. "గుసగుసలు పట్టుకునే చెవులు నీవి" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. సోమవారం నుంచి నన్ను ఫోన్ల నుంచి తీసేశారు. కింది అంతస్తులో కాగితాలు సర్దుతున్నాను. అక్కడ ఎవరూ మాట్లాడరు.

బిడ్డ వద్దని మీ బావతో చెప్పేశాను. "చెవులే కదా" అన్నాడు ఆయన. "చెవుడుతో బతకలేరా ఎవరూ?" అన్నాడు. బతుకుతారు. నాన్న బతికాడు. ఎలా బతికాడో నేను చూశాను, మీ బావ చూడలేదు. కన్న కూతురు పొగరుబోతు అనుకుంటుంటే, అది కూడా వినపడకుండా బతికాడు.

నిన్ను ఒక్కటి అడుగుతాను. నన్ను ఓదార్చడానికి రాయకు. పుట్టకుండా ఉంటే బాగుండునని నీకు ఎప్పుడైనా అనిపించిందా?

చెల్లి


సెప్టెంబరు 12

తల్లీ,

అనిపించింది. జూలైలో ఆ గేటు పట్టుకున్నప్పుడు అనిపించింది. లారీ గుద్దిన రోజు, ఇంకొంచెం గట్టిగా గుద్ది ఉంటే బాగుండుననిపించింది. ఓదార్చొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను.

భుజం అతుక్కుంటోంది. వీధి పని పోయింది, స్టోర్లో పాత మీటర్లు విప్పి తుడిచే పనిలో వేశారు. ఇప్పుడు బేస్ కూడా లేదు. పొద్దున్నే అలవాటుగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటున్నాను. ఎదుటివాళ్ళకి పాట వినేవాడిలా కనపడతాను, మాట్లాడించకుండా వదిలేస్తారు.

కానీ నిజం చెప్పమన్నావు కదా, మిగతా సగం కూడా విను. ఆ అయిదారు నెలలు ఆ వీధుల్లో నేను నడిచిన నడక, దాన్ని వెనక్కి ఇచ్చెయ్యి, నీ చెవులు నీకిస్తామంటే నేను ఇవ్వను. బాగా వినపడిన నలభై ఐదేళ్ళలో నేను అలా ఒక్కరోజు వినలేదు. ఇది నీకు చాలుతుందో లేదో నాకు తెలియదు. నా దగ్గర ఉన్నది ఇంతే.

నాన్న మనల్ని కనకుండా ఉండాల్సిందా? ఇది నువ్వు ఆలోచించు. బావ మీద విసుక్కోకు.

అన్నయ్య


సెప్టెంబరు 30

అన్నయ్యా,

ఆలోచించాను. నువ్వు రాసింది నిజమని నమ్ముతున్నాను. జూన్లో అందరితో కలిసి అరిచిన ఆ సాయంత్రాన్ని నేను కూడా ఎవరికీ ఇవ్వను. కానీ నీ సంగతి నువ్వు తేల్చుకున్నావు, నా సంగతి నేను తేల్చుకోగలను. ఇంకా లేని మనిషి తరఫున ఎలా తేల్చను? వాళ్ళకి ఒక రంగులాయన, ఒక నేలమాళిగ దొరుకుతాయని ఎవరు పూచీ?

మీ బావ విసుక్కోవడం లేదు. పోట్లాడటమూ లేదు. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు. బజార్లో చంటిపిల్లలు ఎదురైతే నేను అటు చూస్తున్నానేమోనని నా వంక చూస్తాడు, నేను ఆయన వంక చూస్తాను. పోయిన వారం, బిడ్డ కోసమని ఉంచుకున్న చిన్నగది తనంతట తానే ఖాళీ చేసి, తన పనిముట్లు తెచ్చి పెట్టుకున్నాడు. నేను అడగలేదు. చాలా శ్రద్ధగా, వరసగా సర్దాడు.

వచ్చే నెల నీ దగ్గరికి వస్తాను. మనిద్దరం సైగలు నేర్చుకోవాలి, మీ ఊళ్ళో ఎవరో నేర్పుతారట. నువ్వు ఇప్పటినుంచే వెళ్ళు, నాకోసం ఆగకు.

ఇందాక ఈ ఉత్తరం రాస్తుంటే మీ బావ నా వెనక నిలబడి ఏదో అన్నాడు. చిన్నగా అన్నాడు. నాకు వినపడలేదు. "ఏమన్నావు?" అని వెనక్కి తిరిగాను. ఆయన కాసేపు నా వంక చూశాడు.

మళ్ళీ అనలేదు.

చెల్లి